పాత వాచీ, కొత్త మణికట్టు

ఇంట్లో పెద్దాయన పోయాక బీరువా సర్దుతుంటే ఓ చైను వాచీ దొరుకుతుంది. కొడుకో మనవడో దాన్ని చేతికి పెట్టుకు చూస్తాడు. వదులుగా జారుతుంది, లేదా బిగుసుకుపోతుంది. అదే సాయంత్రం బజారుకు తీసుకెళ్ళి నాలుగు లింకులు తీయించేస్తారు. తీసిన లింకులు షాపువాడి డబ్బాలో పడతాయి, చైను పాతదైపోయిందంటే ఆ చైను కూడా అక్కడే ఉండిపోతుంది. ఆ వాచీ ఏమిటి, ఎప్పటిది, అసలు భాగాలు ఎన్ని మిగిలాయి అన్న ప్రశ్నలు ఆ తర్వాత ఎప్పుడో వస్తాయి. అప్పటికి జవాబులో కొంత భాగం డబ్బాలో కలిసిపోయి ఉంటుంది. గుర్తుపట్టడం సేకర్తల పని, చైను సవరించడం రిపేరువాడి పని అని రెండుగా విడదీయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నా లెక్కలో రెండూ ఒకే పని, వరస మాత్రం తప్పకూడదు: ముందు చదవడం, తర్వాత తీయడం.

మన ఇళ్ళలో దొరికే పాత వాచీలు చాలా వరకు మూడు దారుల్లో వచ్చినవి. స్వాతంత్ర్యానికి ముందూ వెనకా బొంబాయి, కలకత్తా కంపెనీల ద్వారా వచ్చిన స్విస్ సరుకు మొదటిది. 1737 నుంచి పేరున్న ఫావ్రే లూబా 1865 నాటికే బొంబాయిలో వ్యాపారం మొదలుపెట్టింది. సోవార్ ప్రైమా వాచీలు అమ్మిన వెస్ట్ ఎండ్ కంపెనీ పేరు రైల్వే, సైన్యం ఉద్యోగాల్లో చేసిన వాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ వినబడుతుంది. రెండో దారి హెచ్‌ఎంటీ. జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో ఈ ప్రభుత్వ కర్మాగారం మొదలైంది. తొలి విడత వాచీలను నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, జవాన్, కోహినూర్, కాంచన్ అంటూ పేర్లన్నీ మనవే. ఆ తర్వాత పాతికేళ్ళ పాటు పెళ్ళిలో అల్లుడికి పెట్టే వాచీ అంటే దాదాపు అదే. మూడోది గల్ఫ్ దారి. కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి డెబ్బైలలో, ఎనభైలలో ఎడారి దేశాలకు వెళ్ళినవాళ్ళు సెలవుకు వస్తూ తెచ్చిన సీకో 5లు, సిటిజన్లు, రికోలు, ఓరియెంట్లు ఇవి. చైను వాచీ అన్నమాటకు మన ఊళ్ళలో మొదట తళుకు తెచ్చినవి ఇవే.

నాలుగోదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదు వాళ్ళే దాన్ని మరిచిపోతున్నారు. ఫ్రిజ్‌లకూ బస్సుల బాడీలకూ పేరుపడ్డ హైదరాబాద్ ఆల్విన్ ఎనభైలలో సీకో సాంకేతిక సహకారంతో వాచీలు కూడా చేసింది. డయల్ మీద ఆల్విన్ అని చూసి ఇదేదో నకిలీ అనుకుని పక్కన పడేసేవాళ్ళున్నారు. నకిలీ కాదు, మన ఊరి సరుకే.

వాచీని చదవడం వెనక మూతతో మొదలవుతుంది. అక్కడ ఉన్న అక్షరాల్లో జనం కంపెనీ పేరొక్కటే చూస్తారు, అసలు కథ మిగతా వాటిలో ఉంటుంది. సీకో అయితే నాలుగంకెలు, ఓ గీత, మళ్ళీ నాలుగంకెలు కనిపిస్తాయి. ముందు నాలుగూ లోపలి యంత్రం నంబరు, వెనక నాలుగూ కేసు నంబరు. విడిగా మరో వరస ఉంటుంది, అది క్రమసంఖ్య. దాని మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె, రెండోది నెల. జనవరి నుంచి సెప్టెంబరు దాకా 1 నుంచి 9, అక్టోబరుకు సున్నా, నవంబరు, డిసెంబరు నెలలకు వాటి ఇంగ్లిషు పేర్లలోని మొదటి అక్షరాలు ఎన్, డి. చిక్కేమిటంటే దశాబ్దం చెప్పదు. మూత మీద 6119 అని, క్రమసంఖ్య 9తో మొదలై పక్కన ఎన్ ఉందనుకోండి. నవంబరు అని తేలింది, 1969నా 1979నా? 6119 యంత్రం అరవైల చివర్లో మొదలై డెబ్బైల మధ్యకల్లా ఆగిపోయింది కాబట్టి 1969 ఒక్కటే పొసుగుతుంది. అదే మూత మీద వాటర్ ప్రూఫ్ అని ఉంటే మరో సాక్ష్యం దొరికినట్టే. 1970 ప్రాంతంలో సీకో ఆ మాట మానేసి వాటర్ రెసిస్టెంట్ అని చెక్కడం మొదలుపెట్టింది. ఒక్కో గుర్తు విడిగా పెద్దగా చెప్పదు, రెండు మూడు కలిసి ఒకే ఏడాదిని చూపిస్తే నమ్మొచ్చు. గల్ఫ్ నుంచి వచ్చిన సీకో 5లలో ఎక్కువగా కనిపించే 7009తో ఇంత సులువు కాదు. అది డెబ్బైలలోనూ ఎనభైలలోనూ నడిచింది, కాబట్టి 8తో మొదలైతే 1978 కావచ్చు, 1988 కావచ్చు. అక్కడ పెద్దాయన పాస్‌పోర్టు మీది ముద్రలే దారి చూపాలి.

డయల్ అడుగు అంచున, ఆరు గంటల గీతకు అటూ ఇటూ, కంటి అద్దం పెడితే గాని కనబడని సన్నటి అక్షరాలు ఉంటాయి. సీకో డయల్‌లో అక్కడ కూడా నాలుగంకెల యంత్రం నంబరు ఉంటుంది. అది వెనక మూత మీది మొదటి నాలుగంకెలతో కలవాలి. గీత తర్వాతి అంకెలు మాత్రం సాధారణంగా కలవవు. కేసు నంబరు వేరు, డయల్ నంబరు వేరు. ఇది తెలియక మంచి వాచీని నకిలీ అని తేల్చేసే వాళ్ళు చాలామంది. వారం పేరు చూపే కిటికీ కూడా గమనించదగ్గదే. కీ తిప్పుతూ పోతే ఇంగ్లిషు తర్వాత అరబీ అక్షరాలు వస్తే ఆ వాచీ గల్ఫ్ బజారు కోసం తయారైనట్టు. హెచ్‌ఎంటీ కాంచన్‌లో అయితే ఇంగ్లిషు పక్కన హిందీ వారాలు వస్తాయి.

సిటిజన్‌లో క్రమసంఖ్య మొదటి అంకె ఏడాది, తర్వాతి రెండూ నెల. దశాబ్దం చిక్కు ఇక్కడా ఉంది. హెచ్‌ఎంటీకి ఈ సూత్రాలేవీ అతకవు. సిటిజన్ యంత్రమే కదా అని దాని లెక్క హెచ్‌ఎంటీ మూతకు పెట్టకూడదు. అక్కడ చూడాల్సింది లోపలి యంత్రం. కీ ఇచ్చే జనతా, పైలట్ రకాల్లో 0231 అన్న పదిహేడు రాళ్ళ యంత్రం, కాంచన్ వంటి ఆటోమేటిక్ వాటిలో 6500 కుటుంబం. డయల్ మీద పారాషాక్ అన్న మాట కూడా సిటిజన్ నుంచి వచ్చిందే. కింద పడితే దెబ్బ తగలకుండా కాపాడే ఏర్పాటుకు ఆ కంపెనీ పెట్టుకున్న పేరు అది. కర్మాగారాలు బెంగళూరు తర్వాత శ్రీనగర్, తుంకూరు, రాణీబాగ్‌లకు పాకాయి. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో అమ్మకానికి పెట్టిన క్వార్ట్జ్ వాచీ, 1987లో మన దేశంలో టైటాన్ రాక, రెండూ కలిసి కీ వాచీని పక్కకు నెట్టాయి. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి పాత హెచ్‌ఎంటీ ధర పెరిగింది, ధరతో పాటు మోసమూ పెరిగింది.

ఆ మోసానికి సేకర్తలు పెట్టిన పేరు బొంబాయి డయల్. పాత యంత్రం తీసుకుని, డయల్ గీకి, కొత్త రంగు వేసి, పేరు మళ్ళీ అచ్చు కొట్టి అమ్ముతారు. నల్ల డయల్‌తో పేరుపడ్డ పైలట్‌కు నారింజ, చిలకాకుపచ్చ రంగులు కనిపిస్తే జాగ్రత్తపడాలి. నిమిషాల గీతలు అంకెలకు సూటిగా లేకపోయినా, అక్షరాల అంచులు ఊడినట్టు లావుగా ఉన్నా, అడుగున సన్నక్షరాలే లేకపోయినా అదే పని. రంగు వేసిన వాచీ పనిచేయదని కాదు. అది కట్టుకోవడానికి వాచీ, కొనడానికి పాత వాచీ కాదు.

లోహం సంగతి ముందే తేల్చుకోవడం చైను పనికి చాలా అవసరం. వెనక మూత మీద స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్ అని ఉంటే మూత ఒక్కటే స్టీలు అని అర్థం. కేసు ఇత్తడి, పైన క్రోమ్ పూత. జనతా వంటి చవక రకాలు చాలావరకు ఇలాంటివే. చెమట తగిలి ఆ పూత మొదట లేచిపోయేది పట్టీ కలిసే కొమ్ముల దగ్గరే. బరువైన స్టీలు చైను దానికి తగిలిస్తే మెత్తటి ఇత్తడిలో పిన్ను రంధ్రం పెద్దదైపోతుంది. బంగారు రంగు సీకోల మీద ఎస్‌జీపీ అన్న మూడక్షరాలు ఉంటే పూత అని లెక్క. మైక్రాన్లు అని అంకెతో ఉంటే పూత మందం. వీటిని పాలిష్ చక్రానికి పెట్టిస్తే ఓ గంటలో ఇత్తడి బయటపడుతుంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. రాత్రి వెలిగే పచ్చరంగు పూసిన అరవైలకు ముందటి స్విస్ వాచీల్లో అది రేడియం కావచ్చు. వెలుగు పోయినా రేడియం పోదు, దాని అర్ధాయువు 1600 ఏళ్ళ పైచిలుకు. అలాంటి డయల్ తెరిచి గీకడం, ఊదడం వద్దు.

చైను కూడా సాక్షే. అయితే అన్ని భాగాల్లోకీ తేలిగ్గా మారిపోయే సాక్షి. ఖరీదైన వాచీల్లో చైను లాకు లోపల, కేసుకు ఆనే చివరి ముక్క వెనక, అంకెలు చెక్కి ఉంటాయి. అరవైల చివరి ఒమేగా స్పీడ్‌మాస్టర్ చైనుకు 1039, దాని చివరి ముక్కకు 516. రోలెక్స్‌లో 1976 నుంచి లాకు లోపల ఏడాదికో అక్షరం, అంతకు ముందు మూడు నెలల విడతా ఏడాదీ అంకెల్లో. రోలెక్స్ మోడల్ నంబరూ క్రమసంఖ్యా ఆ కాలపు వాచీల్లో కేసు మీదే, కొమ్ముల మధ్య చైను కప్పేసిన చోట చెక్కి ఉంటాయి. అంటే చైను విప్పితేనే వాచీ ఎవరో తెలుస్తుంది. చైనులు చేసిపెట్టడమే వృత్తిగా బతికిన జెనీవా సంస్థ గే ఫ్రేర్ రోలెక్స్‌కూ జెనిత్‌కూ ఇంకా ఎందరికో సరఫరా చేసింది, 1998లో రోలెక్స్ దాన్నే కొనేసింది. మన ఇళ్ళలో రోలెక్స్‌లు అరుదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. సీకో చైనుల్లోనూ చివరి ముక్క మీదో లాకు మీదో గుర్తు ఉంటుంది, అది చదివి ఫొటో తీసి పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. హెచ్‌ఎంటీకి మాత్రం చైను మీద అంత పట్టింపు అనవసరం. వాటికి దొరికే చైనులు ఎక్కువగా ఊళ్ళో షాపులో తర్వాత వేయించినవే. కొమ్ముల మధ్య ఎడం కొలిచి, జనతాకైతే 18 మిల్లీమీటర్లు, కొత్తది వేసుకోవచ్చు.

ఇక తీసే పని. చైనును వాచీ నుంచి వేరు చేయడం ముందు జరగాలి, ఎందుకంటే పాత వాచీ మీద ఏం రాసి ఉన్నా దానికి నీళ్ళు తగలనివ్వకూడదు. వేరైన చైనును గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్దితే నలభై ఏళ్ళ మట్టి నల్లగా దిగుతుంది. మట్టి పోయాకే లింకు ఏ రకమో కనబడుతుంది. చాలామంది రిపేరువాళ్ళు ఈ అడుగు దాటేస్తారు. ఎండిన చెమట మధ్యలో పిన్నును బలవంతంగా కొట్టడం వల్లే అవి వంగుతాయి.

ఎక్కువ కనిపించేది చీలిక పిన్ను. లింకు లోపలి వైపు బాణం గుర్తు ఉంటుంది. అది చూపే వైపే పిన్ను బయటికి రావాలి. పెట్టేటప్పుడు దారి తలకిందులు: బాణం మొన వైపు నుంచి, చీలిక లేని కొస ముందుగా. చీలిన కొస ముందు దూర్చితే వెళ్ళినట్టే వెళ్ళి వారం తిరక్కముందే వాచీ రోడ్డు మీద పడుతుంది.

సీకోలో ఇంతకంటే చిలిపి ఏర్పాటు ఒకటి ఉంది. పిన్ను మామూలు కడ్డీ, దాన్ని పట్టి ఉంచేది లింకు లోపల ఉన్న గోధుమగింజంత కూడా లేని చిన్న గొట్టం. పిన్ను బయటికి రాగానే ఆ గొట్టం ఎటో దొర్లిపోతుంది. తెల్ల తువ్వాలు పరిచి దాని మీద పని చేయడానికి కారణం అదే. గొట్టం పోయినా పిన్ను రంధ్రంలోకి వెళ్తుంది, చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, కానీ దాన్ని పట్టే వాళ్ళు లేరు. సీకో చైను దానంతటదే ఊడిపోతోందని వచ్చేవాళ్ళ చైనులో ముందు వెతకాల్సింది ఈ గొట్టాన్నే.

డెబ్బైల చైనుల్లో చాలా భాగం గట్టి లోహపు దిమ్మెలు కావు, రేకు మడిచి చేసినవి. చేతిలో గలగలమంటాయి. వీటిలో తీయదగ్గ లింకులు లాకు దగ్గర కొన్నే ఉంటాయి. అక్కడ పలుచటి రేకు ముక్కను సన్న స్క్రూడ్రైవరుతో బాణం వైపు నెట్టాలి. తక్కిన లింకుల మడత విప్పితే మళ్ళీ సరిగా మూసుకోదు, రెండోసారి విప్పితే విరుగుతుంది. మరలున్న చైనులు వేరే. వాటికి కొలతకు సరిపడే స్క్రూడ్రైవరు కావాలి, మర బిగుసుకుపోతే కాస్త వేడి తగిలిస్తే అతికించిన జిగురు వదులుతుంది. బంగారంతో చేసి అతికించిన చైనును మాత్రం వాచీ షాపుకు కాక కంసాలికే చూపించాలి.

స్ప్రింగు చైనును రిపేరువాళ్ళు చిన్నచూపు చూస్తారు. చేతి మీది వెంట్రుకలు పీకుతుందన్న నింద నిజమే. అయినా తెలుగు ఊళ్ళలో ఎన్నో మణికట్ల మీద వెలిగింది అదే. 1959లో స్పైడెల్ కంపెనీ తెచ్చిన ట్విస్ట్ ఓ ఫ్లెక్స్ చైనును ముడేసి చూపించేవారు. దాని లోపలి వైపు తిప్పి వంచితే, పై వరస లింకుల్నీ కింది వరస లింకుల్నీ కలిపి ఉంచే యు ఆకారపు సన్న కమ్మీలు, వాటిని నొక్కి పట్టే చిన్న రేకు బద్దీలూ కనబడతాయి. చిన్నది చేయాలంటే పై వరసలో ఎన్ని లింకులు విడదీస్తే కింది వరసలోనూ అన్నే విడదీయాలి. ఆ తర్వాత రెండు ముక్కలనూ అర లింకు పక్కకు జరిపి కలుపుతారు. లెక్క ఒకటి తప్పితే చైను మెలి తిరిగి కూర్చుంటుంది. లోపలి స్ప్రింగు అలిసిపోయినదైతే ఏం తీసినా మళ్ళీ జారుతుంది. దాన్ని బాగుచేయాలని చూడకుండా వదిలేయడమే మేలు.

ఎంత తీయాలన్న దాంట్లో ఎక్కువమంది తొందరపడతారు. లాకు పక్కన నాలుగైదు చిన్న రంధ్రాలుంటాయి, స్ప్రింగు పిన్నును ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి మార్చితే రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. లింకులు లెక్కపెట్టే ముందు ఆ పిన్నును మధ్య రంధ్రంలో పెట్టాలి. వేసవిలో సాయంత్రానికి మణికట్టు ఉబ్బుతుంది, డిసెంబరు ఉదయం సన్నబడుతుంది. మధ్యలో ఉంటే రెండు వైపులా జరుపుకునే వీలుంటుంది. తర్వాత వాచీని చేతి మీద పెట్టి అదనంగా ఉన్న చైనును వేళ్ళతో పట్టి చూస్తే ఎన్ని లింకులో తెలుస్తుంది. రెండు వైపులా సమానంగా తీయాలి, బేసి సంఖ్య వస్తే ఆ ఒక్కటి ఆరు గంటల వైపు నుంచి. అప్పుడే లాకు చేతికి కింద మధ్యలో కూర్చుంటుంది, వాచీ పక్కకు వాలిపోదు. బిగించాక చైను కింద చిటికెన వేలు కష్టం లేకుండా దూరాలి.

ఇంతవరకూ తీయడమే. చాలని చైనుకు లింకులు కలపడం దీని కంటే కష్టం. అదే అంకె ఉన్న మరో పాత చైను కొని అందులోంచి తీసుకోవడం ఒక దారి. రంగు కలవని లింకు తగిలించడం కంటే అది నయం. వెడల్పు చూసుకోవాలి, కొమ్ముల దగ్గర 18 ఉన్న చైను లాకు దగ్గర 16కు సన్నబడితే ఏ స్థానంలోని లింకు కావాలో ముందే తేలాలి. సీకో 5లకు 18, 19 రెండూ ఉన్నాయి. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాతో కేసుకూ చైనుకూ మధ్య సందు ఏర్పడితే చూడగానే అతుకు అని తెలిసిపోతుంది.

చైను సాగిపోయిందని అంటుంటాం. నిజానికి స్టీలు సాగదు. మట్టి, చెమట కలిసి ఆకురాయిలా పనిచేసి పిన్నును సన్నం చేస్తాయి, లింకు రంధ్రాన్ని పెద్దది చేస్తాయి. వాచీని పక్కకు తిప్పి అడ్డంగా పట్టుకుంటే చైను ఎంత కిందికి వాలితే అంత అరిగినట్టు. కొత్త పిన్నులు వేసి కొంత సరిచేయొచ్చు. రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చేశాక లింకు ఎన్ని తీసినా లాభం లేదు.

మిగిలేది వాదం. సేకర్తల్లో ఒక వర్గం పాత చైనును అసలు ముట్టుకోవద్దంటుంది. లింకు తీసినా విలువ పోతుందన్నట్టు మాట్లాడతారు. రిపేరు బల్ల వెనక కూర్చున్నవాళ్ళు కొత్త చైను వేసేద్దాం సార్ అంటారు. ఒకరికి అరలో పెట్టే వాచీ కావాలి, మరొకరికి త్వరగా అయిపోయే పని కావాలి. ఇంట్లో దొరికిన వాచీని కట్టుకోవాలనుకునే వాళ్ళ అవసరం ఈ ఇద్దరికీ పట్టదు. వాళ్ళకు పనికొచ్చే గీత ఒకటే కనిపిస్తుంది నాకు: వెనక్కి తిప్పగల మార్పు ఏదైనా చేసుకోవచ్చు, తిప్పలేనిది చేయకూడదు. పిన్ను తీసిన లింకు మళ్ళీ పెట్టొచ్చు. కోసిన లింకు, గీకిన డయల్, చక్రానికి పెట్టి అంచులు అరగదీసిన కేసు మళ్ళీ రావు. పాలిష్ చేసిన కేసు మెరుస్తుంది గానీ కొమ్ముల అంచులు గుండ్రబడి, చెక్కిన అంకెలు పలచబడి, గుర్తించే ఆధారమే చెరిగిపోతుంది. కాబట్టి తీసిన లింకులనూ పిన్నులనూ గొట్టాలనూ షాపు డబ్బాలో వదలకుండా ఓ చిన్న కవరులో వేసి, వెనక మూత ఫొటోతో పాటు, చైను అంకె రాసి పెట్టుకుంటే చాలు.

ఇంటికొచ్చాక చాలామందిని భయపెట్టే ఒక సంగతి: 6119, 7009 యంత్రాలున్న సీకో 5కు కీ ఇవ్వడం ఉండదు. కీ ఎంత తిప్పినా ఏమీ జరగదు, అది చెడిపోవడం కాదు. చేతికి పెట్టుకుని కాసేపు తిరిగితే చాలు. తారీఖు మాత్రం రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్య మార్చొద్దు. ఆ వేళకు లోపలి పళ్ళు తారీఖు చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.